చీమూట దారిలో తడిగుడ్డలు

ఆ కొండ మీద చీమూట అనే చోటు ఉంది. భోజనాల దగ్గర దాని పేరెత్తితే కంచం పక్కకి నెట్టేస్తారు.

రాతి సందులోంచి నీళ్ళు ఊరే చోటది. పేరుకే నీళ్ళు. ముదురు పసుపు రంగులో, పుండు పగిలినట్టు, చిక్కగా జారుతుంటాయి. పైన నూనె తెట్టు. కింద నడుములోతు బురద. రాతిలో ఇనుము ఉందనీ, అందుకే ఆ రంగనీ తెలిసినవాళ్ళు చెబుతారు. చెప్పి, పొద్దు వాలకముందే కొండ దిగిపోతారు.

చీకటి పడ్డాక అక్కడ ఏదో ఉంటుందట.

కనపడదు. అరవదు. ముందు వాసన వస్తుంది. తర్వాత మెడ మీద ఏదో మెత్తగా, తడిగా రాసుకుపోతుంది... ఒకప్పుడెవరో సరదాగా కొండెక్కడానికి వచ్చిన మనిషి ఆ దారిన పోయి తిరిగి రాలేదట. బురదలో ఒక బూటు మాత్రం దొరికిందట. బూటు లోపల కాలి గోళ్ళు ఉన్నాయట. ఆ గోళ్ళు చూసినవాళ్ళెవరంటే మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పటినుంచి అటు నడిచేవాళ్ళు తగ్గారు. నడక లేని దారిని అడవి ఎన్నాళ్ళు ఉంచుతుంది? మింగేసింది.

నాకు దెయ్యాలంటే భయం కన్నా అసహ్యం ఎక్కువ. తెల్లబట్టలు కట్టుకుని దూరంగా నిలబడి నవ్వేదైతే నవ్వుకోనీ, నాకేం. తాకేది వేరు. అందుకే మా వదిన చెప్పిన ఈ సంగతి విన్నప్పటినుంచి నేను ఏ తడిగుడ్డనైనా రెండు వేళ్ళతోనే పట్టుకుంటున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

మా వదిన పని... మూసుకుపోయిన కొండదారులు మళ్ళీ తెరవడం. ఇద్దరిద్దరుగా వెళతారు. ముందు మనిషి పాతదారి ఆనవాళ్ళు పోల్చుకుంటూ, కత్తితో పొదలు కొడుతూ, దారి పొడవునా కొమ్మలకి ఎర్రగుడ్డ పేలికలు ముడేస్తూ పోతుంది. వెనక మనిషి రంపంతో పడిపోయిన చెట్లు కోస్తాడు. ముందు మనిషి మా వదిన. వెనక మనిషి రంపం బాబాయ్. మాకు చుట్టమేం కాదు, అందరికీ బాబాయే. రంపం పట్టుకుంటాడని ఆ పేరు పెట్టారు. ఆయన గురక విన్నవాళ్ళకి ఇంకో కారణం కూడా తెలుస్తుంది.

వదినకి శుభ్రం పిచ్చి. ఇంట్లో గ్లాసు అంచున పెదవి మరక కనిపిస్తే మళ్ళీ కడగందే నీళ్ళు తాగదు. అలాంటి మనిషికి ఈ పని ఎలా నచ్చిందో మా అన్నయ్యకే అర్థం కాదు.

ఆ రోజు కూడా పని పొద్దున్నే మొదలైంది. మోకాలిలోతు కుళ్ళిన ఆకులు. అడుగు తీస్తే చప్‌మని శబ్దం. చచ్చిన ఎలుక వాసన కొట్టే పుట్టగొడుగులు, మెడపట్టీలోకి దూరే జలగలు... వదిన అడుగడుక్కీ థూ, ఛీ అంటోంది.

“అమ్మడూ, రేపు సబ్బు తెస్తాలే,” అన్నాడు బాబాయ్ వెనకనుంచి. “చెట్లకి స్నానం చేయించి అప్పుడు నరుకుదాం.”

“ముందు మీ గడ్డం కడగండి బాబాయ్. పోయిన వారం తిన్న రొట్టె ఇంకా అందులోనే ఉంది.”

“దాచుకున్నానే. ఆకలేస్తే పనికొస్తుంది.”

చీమూట దగ్గరికి మధ్యాహ్నం కాకముందే వచ్చారు. పాతదారి ఊటకి పైనున్న పెద్ద బండ మీదుగా పోతుంది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, కిందికి చూడకుండా దాటేశారు. ఆ రోజు ఇటు ఎక్కి, కొండ దాటి, అవతలి వైపు దిగాలి. జీపు అక్కడికే వస్తుంది.

కానీ అవతలి వైపు దిగలేదు.

శిఖరానికి ఇంకాస్త దూరం ఉందనగా దారికి అడ్డంగా ఓ చెట్టు. బాబాయ్ రంపం పెట్టాడు. సగం తెగేసరికి మాను గిర్రున తిరిగి ఆయన తొడ మీద పడింది.

వదిన కొమ్మని దూర్చి ఎత్తింది, తోసింది, గోళ్ళు విరిగేలా లాగింది. చివరికి కాలు బయటికొచ్చింది గానీ... రక్తం ఆగలేదు. నడుము బెల్టు తీసి తొడ మీద బిగించి కట్టింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అవతలి వైపు దిగడానికి చాలా సేపు పడుతుంది. వచ్చిన దారే దగ్గర. కొండ అడుగున అటవీశాఖ కాపలా గది ఉంది, స్ట్రెచర్ ఉంటుంది, మనుషులుంటారు.

“వెళ్ళు,” అన్నాడు బాబాయ్. పెదాలు తెల్లబడిపోయాయి.

“నిద్రపోకండి బాబాయ్... మీకు దండం పెడతాను, నిద్ర మాత్రం పోకండి.”

“పోతే నీకు వినపడుతుందిలే.”

టార్చి ఆయన దగ్గరే పెట్టింది. వచ్చేవాళ్ళకి వెలుగు కనిపించాలి కదా. తను ఫోన్ వెలుగుతో బయల్దేరింది.

పొద్దు గూకింది. ఆ అడవిలో సాయంత్రం ఉండదు. పగలు అయిపోగానే ఎవరో తలుపు మూసినట్టు చీకటి.

కొంత దూరం పగలు కొట్టిన పొదల గుర్తులు దొరికాయి. తర్వాత దొరకలేదు. ఫోన్ కూడా ఎంతోసేపు వెలగలేదు... ఆరిపోయింది.

నిలబడిపోయింది. ఎటు చూసినా ఒకటే నలుపు. పైన బాబాయ్ ఒంట్లోంచి రక్తం ఒక్కో బొట్టు పోతోంది. ఇక్కడ దారి తప్పితే తెల్లారేదాకా ఇక్కడే. తెల్లారేసరికి ఆయన ఉండడు.

చేతులు చాచి గాల్లో తడుముకుంది.

తగిలింది. కొమ్మకి వేలాడుతున్న పేలిక.

“అమ్మయ్య, నా గుడ్డే” అనుకుందట. ప్రాణం లేచొచ్చింది. కానీ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది. తడిగా ఉంది. నీళ్ళ తడిలా కాదు... జిగురుగా, వేళ్ళ మధ్య తీగ సాగింది. చెయ్యి ప్యాంటుకి రుద్దుకుంది. పోలేదు. మంచు పడి ఉంటుందిలే, చెట్టు జిగురు అంటుకుని ఉంటుందిలే...

ఇంకొంచెం కిందికి మరొకటి. ఇంకా కిందికి ఇంకొకటి. కళ్ళు పనిచేయవు కాబట్టి ప్రతిదాన్నీ అరచేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఒకటి మరీ మందంగా ఉంది. ఒకటి చేతిలో కొంచెం జారింది, నత్త జారినట్టు. ఉమ్మేసి మళ్ళీ చెయ్యి చాచింది.

అప్పుడొచ్చింది వాసన.

చీమూట.

ఇక్కడ కుడివైపు తిరగాలి, బండ మీదికి. ఆ మాత్రం గుర్తుంది. కుడివైపు తడిమింది. ఏమీ లేదు. ఇంకా తడిమింది. లేదు...

ఎడమవైపు తగిలింది. కిందికి. బురదలోకి.

“నేను ఇక్కడ కట్టానా?” పైకే అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆలోచించే తీరిక ఎక్కడిది? పొద్దున ముక్కు మూసుకుని, తల తిప్పుకుని దాటింది. ఎక్కడ కట్టిందో ఏం చూసింది గనక? గుడ్డ ఎటుంటే దారి అటు. ఆ పనిలో ఉన్నవాళ్ళకి అదే లెక్క.

దిగింది.

మోకాళ్ళ దాకా. నడుము దాకా. చిక్కటి, గోరువెచ్చటి బురద బట్టల్లోంచి ఒంటికి అంటుకుంది. లోపల ఏవో పీచుల్లాంటివి కాళ్ళకి చుట్టుకుని విడిపోతున్నాయి. ఊపిరి బిగబట్టి నడిచింది. నడిచింది... కాలు జారింది.

మొత్తం మునిగింది.

లేచేసరికి ముక్కులో అదే, కళ్ళలో అదే. నోట్లో... అదే. మింగేసింది కూడా కొంత. వాంతి చేసుకుంది. ఊపిరాడక గాల్లోకి చేతులు విసిరితే మొహానికి ఎదురుగా పేలిక తగిలింది. దాన్నే పట్టుకుని మొహం తుడుచుకుంది. కళ్ళు, మూతి, నాలుక కూడా. గ్లాసు రెండోసారి కడిగే మనిషి!

తర్వాత గట్టెక్కింది. కాపలా గది దీపం కనిపించింది.

బాబాయ్ బతికాడు. కాలు కూడా దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

ఆ రాత్రి స్ట్రెచర్ మోసిన కాపలా మనిషి మర్నాడు వదినతో అన్నాడట. “ఊట పైన బండ లేదమ్మా. నిన్న మీరు దాటాక ఎప్పుడో జారి లోయలో పడింది. మీరు అటు తిరిగి ఉంటే మేం ఇద్దరి కోసం వెతకాల్సి వచ్చేది.”

వదిన చాలా గర్వపడింది. వారం తర్వాత ఆసుపత్రిలో బాబాయ్ మంచం పక్కన కూర్చుని గొప్పలు పోయింది. “ఏం బాబాయ్, చూశారా? నా గుడ్డలే మిమ్మల్ని బతికించాయి.”

బాబాయ్ తింటున్న బిస్కెట్టు ఆపాడు.

“ఏ గుడ్డలు?”

“అదేంటి? దారంతా కట్టాను కదా, మీ ముందే.”

“కట్టావు. అవతలి వైపు దిగిపోతున్నాం, మళ్ళీ ఇటు రాము కదా అని... నీ వెనకే ఒక్కోటీ విప్పుకుంటూ వచ్చాను.” ఆయన గొంతు తగ్గింది. “ఇంకా పూర్తిగా తెరవని దారిలో గుడ్డలు వదిలేస్తే వాటిని నమ్ముకుని ఎవడో ఒకడు వచ్చి ఇరుక్కుంటాడు. పనిలో చేరిన రోజే చెప్పాను కదే అమ్మడూ... ఆ కంగారులో నాకూ గుర్తు రాలేదు, నీకూ గుర్తు రాలేదు.”

మంచం కింద ఉన్న తన సంచి చూపించాడు. వదిన తెరిచింది.

ఎర్ర పేలికలు. అన్నీ. పొడిగా.

ఇది విన్నప్పుడు నేను కూడా అందరూ అనే మాటే అన్నాను. “చెట్లకి పొడుగ్గా నాచు వేలాడుతుంది వదినా. చీకట్లో గుడ్డలా తగిలి ఉంటుంది. దారిలో పొదలు కొట్టేశారు కాబట్టి నాచు చేతికందింది, అంతే.”

వదిన సింకు దగ్గర నిలబడి నోరు పుక్కిలిస్తోంది. ఆ రోజుకి ఎన్నోసారో. నీళ్ళు ఉమ్మేసి, కొంగుతో తుడుచుకోబోయి... ఆగిపోయింది. కొంగు వదిలేసింది. గాలికి ఆరనిచ్చింది.

“నాచేనేమోనే. పగలంతా నేనూ అదే అనుకుంటాను.”

“మరి?”

నా వైపు తిరగలేదు. నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

“మొహం తుడుచుకున్నాను చూడు... ఆ చివరిది. తుడుచుకుని వదిలేశాను. రెండు చేతులూ తీసేశాను.”

కుళాయి కట్టేసింది.

“వదిలేశాక కూడా... అది నా మూతి తుడుస్తూనే ఉందే.”