కృష్ణ దాటాల్సిన పిల్లి

"పిల్లిని గోనెసంచిలో తెచ్చారేందండీ? మిరపకాయలనుకున్నారా?"

నరసరావుపేట పశువుల ఆసుపత్రిలో డాక్టర్ భవిత అడిగిన మొదటి మాట అది. పప్పుల కొట్టు నడిపే చంద్రమౌళికి గోనెసంచి కాక ఇంకేం దొరుకుతుంది?

"గాలి ఆడుద్దిలెండి" అన్నాడు.

"అట్లాగా. మిమ్మల్ని ఒక పూట కూర్చోబెట్టి చూద్దామా అందులో?"

అతను సంచి మూతి విప్పాడు. తెల్లటి ఒళ్ళు, నల్లటి వీపు ఉన్న పిల్లి తల బయటపెట్టి గుర్రుమంది. డాక్టరమ్మ దాన్ని పాత తువ్వాలులో చుట్టి, పసిబిడ్డతో మాట్లాడినట్టు ఏదో గొణుగుతూ ఒళ్ళోకి తీసుకుంది. పిల్లి ఊరుకుంది. చంద్రమౌళి కూడా చూస్తూ ఉండిపోయాడు.

"పేరు?"

"చంద్రమౌళి."

"పిల్లిదండీ."

ఒక క్షణం ఆగాడు. "లచ్చి."

ఆమె పిల్లి మెడ కింద రూపాయి బిళ్ళంత మేర బొచ్చు గొరిగి, రక్తం తీసి, సీసా మీద 'లచ్చి' అని రాసింది.

నిజానికి అది వాళ్ళింటి పిల్లి లచ్చి కాదు. అచ్చం లచ్చి రంగే ఉన్న, పక్కనున్న నూనె కొట్టు బసవయ్య బాబాయి పిల్లి.

సంగతేమిటంటే, చంద్రమౌళి అక్క కూతురు సాత్వికకి ఎనిమిదేళ్ళు. సెలవులకు అమ్మమ్మ ఇంటికొచ్చి, లచ్చితో ఆడి, చేతి మీద గీరించుకుని పోయింది. రెండు వారాలకు జ్వరం, చంకలో నిమ్మకాయంత గడ్డ. గుంటూరులో చూసిన డాక్టరు, "పిల్లి రక్కితే ఒక రకం బాక్టీరియా వచ్చే వీలుంది. ఆ పిల్లికి పరీక్ష చేయించి రిపోర్టు పంపండి" అన్నాడు.

ఆ మాట వినగానే చంద్రమౌళి తల్లి లీలావతమ్మ దేవుడి ముందు నిలబడింది. "దీని వల్లే అని తేలితే, దీన్ని కృష్ణ దాటిస్తా స్వామీ. బిడ్డని చల్లగా చూడు" అని మొక్కింది. ఊళ్ళో ఎక్కడ వదిలినా పిల్లి తిరిగొస్తుంది. ఏరు దాటిస్తే రాదు. వాళ్ళ వైపు ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే అది.

చంద్రమౌళి తండ్రి బతికున్నన్నాళ్ళూ, కొట్టు తెరిచి దీపం పెట్టి, లచ్చికి పాలు పోశాకే బోణీ చేసేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ కాటా పక్కన ఆయన కూర్చునే పట్టా మీద లచ్చి పడుకుంటుంది. అది కూడా పోతే ఆ చోటు పూర్తిగా ఖాళీ అయిపోతుందనిపించింది అతనికి. పాపకి మందులు ఎట్లాగూ ఇస్తున్నారు గదా అనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. ఆ కాగితం గుంటూరు డాక్టరుకి వెళ్ళింది. లీలావతమ్మ హారతిచ్చింది.

ఆ తర్వాత చంద్రమౌళి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాడు. ఒకసారి నులిపురుగుల మాత్ర కోసం, ఇంకోసారి పిల్లికి పెరుగన్నం పెట్టొచ్చా అని అడగటానికి.

"మీ పిల్లికి ఏమీ లేదని చెప్పాగా. మీకేంది మరి, ఊరికే వస్తున్నారు?" అంది భవిత.

"పెరుగు సంగతి..."

"ఫోన్‌లో కూడా చెప్తామండి పెరుగు సంగతి."

అంటూనే నంబరు రాసిచ్చింది.

శనివారం సాయంత్రం సన్నగా తుంపర పడుతుంటే ఆమే కొట్టుకి వచ్చింది. చున్నీ తల మీదికి లాక్కుని, కిలో కందిపప్పు అడిగింది. అతను తూచుతుంటే పట్టా మీదున్న లచ్చిని చూసి నవ్వి, మెడ కింద నిమరబోయింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ నేను బొచ్చు గొరిగాను. వారానికే ఇంత మొలిచిందా?"

రేకుల మీద చినుకుల చప్పుడు. కాటాలో పప్పు అట్లాగే ఉంది. అతను దాచకుండా అంతా చెప్పాడు, తండ్రి పాలు పోయటం దగ్గర్నుంచి.

ఆమె తిట్టలేదు. "పాపకెట్లా ఉంది?" అని అడిగింది.

"తగ్గలేదండీ. పిల్లి వల్ల కాదని తేలిందిగా, టీబీ గడ్డేమోనని సోమవారం కోసి ముక్క తీస్తారంట..."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. తన సంచికీ ఆ కత్తికీ ఉన్న సంబంధం అప్పుడు గానీ అతనికి కనపడలేదు.

"ఆ రిపోర్టు మీద నా సంతకం ఉంది" అంది భవిత మెల్లగా. "నేను ఇప్పుడే ఫోన్ చేసి చెప్పగలను. కానీ మీరు చెప్పండి. నేను ఇక్కడే ఉంటా."

అతను అక్కకి ఫోన్ చేశాడు. తర్వాత గుంటూరు డాక్టరుకి. చివరికి కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళి తల్లికి చెప్పాడు. ఆమె పూలు కడుతోంది. దారం వదిలేసింది.

"మీ నాన్న కాటాలో ఒక గింజ ఎక్కువ పడేదేమో గానీ, ఏనాడూ తక్కువ పడలేదురా" అని మాత్రం అంది.

కోత ఆగింది. అక్కడ పాపకీ, ఇక్కడ లచ్చికీ రక్తపరీక్షలు చేశారు. ఈసారి లచ్చి ప్లాస్టిక్ బుట్టలో వెళ్ళింది. ఇద్దరిలోనూ ఆ బాక్టీరియా జాడ కనపడింది. పాపకి మందు మార్చారు. వారంలో జ్వరం దిగింది. గడ్డ నిదానంగా కరుగుతుందన్నారు. "మా పిల్లికి రోగం లేదని ఖర్చు లేకుండా తెలిసింది" అని బసవయ్య బాబాయి బజారంతా చెప్పుకున్నాడు.

మొక్కు మాత్రం మిగిలింది.

లచ్చికి మందు వెయ్యటానికి భవిత ఇంటికొచ్చింది. బొచ్చులో ఉండే చిన్న పురుగుల వల్లే ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి ఇది పాకుతుందనీ, అవి లేకుండా చేసి, గీరితే వెంటనే సబ్బుతో కడుక్కుంటే చానా వరకు భయం ఉండదనీ చెప్పింది.

"నేను మొక్కానమ్మా" అంది లీలావతమ్మ.

"అవతలి ఊళ్ళో కూడా పిల్లలుంటారు గదండీ. అక్కడ గీరితే?"

లీలావతమ్మ దేవుడి పటం వంక చూసింది.

"మొక్కేటప్పుడు నాకు నా మనవరాలే కనపడింది. ఆయనకి అందరూ కనపడతారు కాబోలు" అంది. "మాట ఇచ్చాను, దాటిస్తా. అక్కడే వదిలేసి రావాలన్నది మాత్రం నా ఆలోచన. దానికి క్షమించమని ఆయన్నే అడుగుతా."

ఆదివారం కారు తీశారు. చంద్రమౌళి పక్క సీట్లో తల్లి. వెనక బుట్టతో భవిత, "దారిలో పిల్లికేమన్నా అయితే" అని తనే వచ్చింది. పొందుగల వంతెన మీద జల్లు మొదలైంది. కింద కృష్ణ ఎర్రగా పారుతోంది. లచ్చి బుట్టలోంచి ఒకసారి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అవతలి గట్టున వాడపల్లిలో లీలావతమ్మ గుళ్ళోకి వెళ్ళింది. వీళ్ళిద్దరూ బుట్ట పెట్టుకుని టీ బడ్డీ కింద నిలబడ్డారు.

"ఆ రోజు డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడు రెండుసార్లు నంబరు తప్పు నొక్కారు" అంది భవిత.

"భయమేసింది."

"డాక్టరు ఏమంటాడనా?"

"ముందు పాప గురించి. తర్వాత, మీరిక కొట్టుకి రారని."

ఆమె టీ గ్లాసులోకి చూసింది. "మాది రొంపిచెర్ల. ఏడాదికి సరిపడా కందిపప్పు మా నాన్నే పంపిస్తాడు."

అర్థమవటానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకో నిజం చెప్పాలండీ మీకు."

"ఇంకో పిల్లి సంగతేనా?"

"కాదు. మీరంటే నాకిష్టం. మీ ముందు ఇంకెప్పుడూ అబద్ధం ఆడలేను."

"ఆడితే నాకు తెలిసిపోద్దిలెండి" అంది ఆమె. గ్లాసు వెనక నవ్వు దాగలేదు.

లీలావతమ్మ ప్రసాదంతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది. చెరి కాస్త చేతిలో పెట్టి, బుట్ట తను తీసుకుంది.

"నేను లచ్చితో వెనక కూర్చుంటా. అమ్మాయ్, నువ్వు ముందుకెక్కు" అంది.

కారు మళ్ళీ వంతెనెక్కింది.