తూము తెరిచినట్టా, మూసినట్టా

“డయోడ్ అంటే ఏందో చెప్పకుండ గీ గడప దాటేది లేదు.”

తలుపుకు అడ్డంగా నిలబడింది సవిత. ఎదురుగా కిషోర్‌బాబు. చంకలో హెల్మెట్, మొహం నిండా పారిపోవాలన్న తొందర.

“చెప్పాను కదండీ! కరెంటును ఒకే డైరెక్షన్‌లో అలో చేసే సెమీకండక్టర్ డివైస్...”

“అది పుస్తకం చెప్పింది. నువ్వు చెప్పు.”

“నా వల్ల కాదు మేడం. మాది కోటగిరి. వరి తెలుసు, చెరకు తెలుసు. ఈ మాటలు నాకెక్కవు.”

“కాలువల దింపిన మీ మోటర్ పైపు కొసకు ఏముంటది?”

“ఫుట్ వాల్వు.”

“ఎందుకు?”

“ఎందుకేంటండీ! నీళ్లు పైకే రావాలి, వెనక్కి జారిపోకూడదు కదా. అందుకని...” అంటూ ఆగిపోయాడు. “అంటే... డయోడ్ కరెంటుకి ఫుట్ వాల్వా?”

సవిత పక్కకు జరిగింది. “ఇగ పో.”

అతను పోలేదు. హెల్మెట్ బల్ల మీద పెట్టి వచ్చి కూర్చున్నాడు.

నిజామాబాద్ ఖిల్లా రోడ్డులో టీవీలు బాగుచేసే రామ్‌దాస్ దుకాణం ఉంది. దాని మీది గదిలో అతని అన్న కూతురు సవిత ఆదివారాలు ఎలక్ట్రానిక్స్ పాఠం చెబుతుంది. సరదాగా నేర్చుకోవాలనుకునే ఎవరైనా రావచ్చు. గోడ మీద సుద్దతో రాసిన నియమం ఒక్కటే: “మీ ఇంటి పనిలో పెట్టి చెప్పగలిగితేనే ఆ మాట మీది.”

ఈ నియమం ఆమెకు వాళ్లమ్మ పెట్టిన భిక్ష. శ్యామలమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కూతురికి చుట్టడం నేర్పిన రోజు ఆకు చేతికివ్వలేదు, చుట్టిన బీడీ ఇచ్చి విప్పమంది. విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ విప్పితేగానీ పని చేతికి రాదని ఆమె లెక్క. అందుకే సవితకు, తీగలు గుచ్చి సర్క్యూట్లు కట్టే బ్రెడ్‌బోర్డు అంటే బీడీల చాట. పనంతా దాని మీదే, నచ్చకపోతే విప్పేసుకోవచ్చు.

కానీ నియమం కడుపు నింపదు కదా. సవితకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, మూడు నెలల తర్వాత ఒకటో తారీఖున చేరాలి. శ్యామలమ్మ బట్టలు సర్దమంటోంది. సవిత మొండికేసింది.

“గీ బ్యాచ్‌ల ఒక్కరన్న, నేను చెయ్యి పెట్టకుండ, వాళ్లింటికి పనికొచ్చేది చేసి నడిపిస్తే నేనిక్కడ్నే ఉంట. లేకుంటే నువ్వన్నట్టే పోత.”

“మాట మీదుంటవా?” అంది తల్లి.

“ఉంట అవ్వా.”

పదకొండు మందితో మొదలైన బ్యాచ్‌లో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఆత్మారాం. ఆయన వచ్చేది పాఠానికా, ఫ్యాను కింద కునుకుకా అన్నది ఆయనకే తెలియాలి. రెండోవాడు కిషోర్‌బాబు. అంటే సవిత ఆశంతా, పారిపోబోయి తలుపు దగ్గర దొరికిన మనిషి మీదే.

కిషోర్‌బాబు తాతలు కాలువ భూముల కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కొస పొలానికి కాలువ నీళ్లు ఎక్కవు, మోటారుతో ఎత్తాలి. మడి నిండగానే మోటారు తనంతట తనే ఆగాలి, తగ్గితే తనే తిరగాలి. అలాంటి డబ్బా తన చేత్తో చేయాలని అతని పట్టుదల. కరెంటును నిలవుంచే కెపాసిటర్‌ను పశువుల తొట్టి అన్నాడు, కరెంటును తగ్గించే రెసిస్టర్‌ను తూములో అడ్డం వేసిన చెక్క అన్నాడు. ప్రతి ఆదివారం ఒక్కో మాట అతనిదైంది.

వానలు పడ్డాక బోధన్ బస్టాండు దగ్గర కాల్చిన కంకులు కూడా తేసాగాడు.

“మొక్కజొన్న పొత్తులండీ. వేడిగా ఉన్నాయి.”

“పొత్తులేంది? మక్కెన్లు అను, తింట.”

“మక్కెన్లు మేడం.”

“మేడం అనకు, తింట.”

“అయితే పస్తుండండి” అని తనే కొరికాడు. ఆత్మారాం నిద్రలోనే నవ్వినట్టు సవితకు అనుమానం వచ్చింది.

అట్లాంటి ఒక వాన ఆదివారమే పొరపాటు జరిగింది. ఆ రోజు పాఠం ఫ్లోటింగ్ ఇన్‌పుట్. పూర్తిగా తడిసి వచ్చిన కిషోర్‌బాబు, వీడియో చూసి బట్టీ పట్టిన ఇంగ్లీషు నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి నవ్వాడు. అతని కనుబొమ మీద ఒక వానచుక్క నిలిచి ఉంది. అది పడుతుందా పడదా అని చూస్తూ సవిత, “కరెక్టే” అంది. ఇంటి మాటలో చెప్పమని అడగనే లేదు. గోడ మీద నియమం రాసిన మనిషే దాన్ని మరిచిపోయింది.

గడువు ముగిసే నెలాఖరు ఆదివారం కోటగిరి పొలం గట్టు మీద పరీక్ష. కిషోర్‌బాబు తండ్రి జగ్గారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శ్యామలమ్మ మోటారు కొట్టంలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోకం మునిగినా ఆమె చేతులు ఆగవు.

కిషోర్‌బాబు స్విచ్ వేశాడు. మోటారు లేచింది. మడిలో పెట్టిన తీగకు నీళ్లు అందకముందే ఆగింది. మళ్లీ లేచింది. జగ్గారావు వంగి తీగ దగ్గర చెయ్యి పెడితే టక్కున ఆగిపోయింది.

“ఏంట్రా ఇది, నన్ను చూసి భయపడుతోందా?”

ఇది ఆ వాన ఆదివారం నాటి ఫ్లోటింగ్ ఇన్‌పుటే అని సవితకు క్షణంలో తెలిసిపోయింది. తప్పు అతనిది కాదు, తను అడగని ప్రశ్నది. కావలసిన రెసిస్టర్ ఆమె సంచిలోనే ఉంది. చెయ్యి సంచి దాకా పోయింది.

“బిడ్డా!” అంది శ్యామలమ్మ తల ఎత్తకుండానే. “చెయ్యి పెట్టినవంటే రేపే బస్సు.”

సవిత చెయ్యి వెనక్కి తీసుకుంది. చెప్పి గెలిపిస్తే అతను ఓడినట్టే. అతను చేయగలడు, చేసి తీరాలి.

కిషోర్‌బాబు ఆమె వైపు చూడలేదు. తండ్రివైపు తిరిగాడు. “నాన్నా, నీళ్లు తగిలితే ఈ తీగ డబ్బాకు ‘ఉన్నాయి’ అని చెబుతుంది.”

“తగలకపోతే?”

“తగలకపోతే... ఏమీ చెప్పదు.”

“చెప్పకపోతే దానికెలా తెలుస్తుందిరా?”

కిషోర్‌బాబు చూపు మడి తూము మీద పడింది. తర్వాత మెల్లగా అన్నాడు. “తూము చెక్క సరిగ్గా తెరవకా, సరిగ్గా మూయకా వదిలేసినట్టు. ఆకు అడ్డం పడితే మూసుకుంటుంది, గాలి తోస్తే తెరుచుకుంటుంది. నాన్నా, ఫ్లోటింగ్ అంటే ఇదీ! దాన్ని మెల్లగా ‘లేవు’ వైపు లాగి పట్టేదొకటి ఉండాలి.”

తన పెట్టెలోంచి ఒక రెసిస్టర్ తీశాడు. తీగ నుంచి డబ్బాలోని గ్రౌండు తీగకు కలిపాడు. స్విచ్ వేశాడు. మోటారు లేచింది, నిలిచింది. జగ్గారావు చెయ్యి పెట్టినా బెదరలేదు. తీగ కొసలను బకెట్ నీళ్లలో ముంచితే ఆగింది, తీస్తే తిరిగింది.

సవిత కళ్లు తడిసాయి. కానీ శ్యామలమ్మ లేచి వచ్చి డబ్బాను చూసింది. “విప్పు కొడుకా. విప్పి మళ్ల పెట్టు.”

కిషోర్‌బాబు డబ్బా ముందు కూర్చున్నాడు. చివరి తీగ దాకా విప్పాడు, వరసగా మళ్లీ పెట్టాడు. మోటారు తిరిగింది.

“కట్ట కట్టొచ్చు” అంది శ్యామలమ్మ. సరైన బీడీలకు తప్ప ఆమె ఆ మాట అనడం సవిత ఎప్పుడూ వినలేదు.

పెద్దవాళ్లిద్దరూ కొట్టంలోకి నడిచాక కిషోర్‌బాబు దగ్గరకొచ్చాడు.

“ఇంకో తీగ కూడా రెండు నెలలుగా తేలుతోందండీ. మీరు నవ్వితే ‘ఉంది’ అనుకుంటున్నాను. కసిరితే ‘లేదు’ అనుకుంటున్నాను.”

“ఇంటి మాటల చెప్పు” అంది సవిత. నియమం నియమమే. ఈసారి మరిచిపోదలుచుకోలేదు.

“తూము తెరిచినట్టా, మూసినట్టా?”

సవిత చెప్పులు విడిచి గట్టు దిగింది. మడి తూముకు అడ్డంగా వేసిన చెక్కను రెండు చేతులా పట్టుకుని లాగింది. నానిన చెక్క కదలలేదు. అతను సాయానికి వంగితే, “నువ్వు చెయ్యి పెట్టకు” అని మళ్లీ లాగింది. చెక్క ఊడి వచ్చింది. మోటారు ఎత్తిపోయగా పంట బోదెలో నిలిచిన నీళ్లు బుసబుసా మడిలోకి దూకాయి.

కాసేపటికి కొట్టంలోంచి జగ్గారావు కేకేశాడు. “ఒరే, మడి నిండుతోంది! మోటారు ఆపండ్రా!”

“నువ్వు కూసో అన్నా, అదే ఆగుతది” అంది శ్యామలమ్మ, బీడీకి దారం చుడుతూ.

తూము దగ్గర ఇద్దరూ మడి వైపే చూస్తున్నారు. నీళ్లు తీగను తాకాయి. టక్కుమని మోటారు ఆగింది.

“ఇప్పుడు మేడం అను, చూస్త” అంది సవిత, చెక్క చేతిలో పట్టుకునే.

“సవితా” అన్నాడు కిషోర్‌బాబు.