మీటరుకెక్కని పరుగు

రేసు ట్రాకు పక్కన వరసగా షెడ్లు. వాటిల్లో ఆఖరిదానికి పేరు చెడిపోయింది. పొద్దుగూకితే అటుకేసి ఎవరూ తల కూడా తిప్పరు.

అక్కడ ఒక డ్రైవరు పోయాడు. ఊరికే పోలేదు... మంచి పరుగులో ఉండగా ఇంజను పగిలి, లోపలి రాడ్డు బయటికి పొడుచుకొచ్చి, ఆయిలు అంటుకుని, మనిషి నిలువునా కాలిపోయాడు. షెడ్డులోకి మోసుకొచ్చేసరికి స్టీరింగు కూడా చేతులతోపాటే ఊడి వచ్చిందట! అప్పట్నించీ రాత్రిళ్లు ట్రాకు మీద మోత వినిపిస్తుందని, బండి మాత్రం కనిపించదని చెప్పుకుంటారు.

పందేనికి మూడు రోజుల ముందే వచ్చి దిగినా, మిగతావన్నీ వేరేవాళ్లకి రాసిపెట్టేయడంతో ఆ షెడ్డే దక్కింది పానా అక్కకి. మెకానిక్కు ఆవిడ. పానా పక్కలో లేనిదే నిద్ర కూడా పోదని ఎగతాళిగా పెట్టిన పేరు. ఆవిడ బిగించిన కారుని తమ్ముడు చిన్నోడు నడుపుతాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే.

రేసు ఇంజను ఎంత దూరం తిరిగిందని చూడరు, ఎన్ని గంటలు నడిచిందని చూస్తారు. ఇనుముక్కూడా ఆయుష్షుంటుంది, చూడండి! ఆ ఇంజనుకి ఇరవై గంటలు. అవి నిండాయంటే విప్పి లోపలి బోల్టులు మార్చాల్సిందే. లేదా... ఆ డ్రైవరు గతే. ఆ గంటలు లెక్కపెట్టే బుల్లి మీటరు స్టీరింగు పక్కనే ఉంటుంది. అది పద్దెనిమిది చూపిస్తోంది. పందెమా, గంటలో అయిపోతుంది.

"పందేనికి సరిపోతుందిగా అక్కా? ఇంజన్ని పురిట్లో బిడ్డలా చూస్తావు నువ్వు," అన్నాడు చిన్నోడు.

"నిన్ను సాకిన చేతులేగా. అదైనా చెప్పిన మాట వింటుంది," అంది అక్క.

ఆ రాత్రే మొదలైంది.

షెడ్ల వెనక గదిలో అక్క పడుకుని ఉంది, పక్క గదిలో చిన్నోడు. దూరంగా గుర్రుమంది... దగ్గరైంది... గోడ వణికిస్తూ దాటిపోయింది. దుప్పటి ముసుగేసుకుంది.

తెల్లారగానే షెడ్డుకి పరిగెత్తి మీటరు చూసింది. పద్దెనిమిదే. రవ్వంత కూడా కదల్లేదు. అమ్మయ్య, మన బండి కాదు!

"చెప్తే విన్నావా తల్లీ? వాడే," అన్నాడు కాపలా తాత గొంతు తగ్గించి.

రెండో రాత్రీ అంతే. పొద్దున మీటరూ అంతే.

మూడో రాత్రి, తెల్లారితే పందెం అనగా, మోత వింటూ ఒంటరిగా పడుకోలేక తమ్ముడి గదికి వెళ్లింది. పక్క ఖాళీ. కిటికీ బార్లా తెరిచుంది.

పెద్ద పానా పట్టుకుని చీకట్లో పరిగెత్తింది. షెడ్డు రేకుతలుపు తెరిచే ఉంది... లోపల బండి లేదు. గోడకి అంటుకుని నిలబడింది.

మోత దగ్గరైంది. దీపాల్లేకుండా ఒక బండి లోపలికి జారి ఆగింది. హెల్మెట్టు పెట్టుకున్న ఆకారం దిగింది... ఆ చచ్చినవాడే, తమ్ముణ్ణి ఎత్తుకుపోయింది వాడే!

ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. హెల్మెట్టు అద్దం పగిలింది. ఆకారం కుప్పకూలింది. రెండో దెబ్బకి పానా ఎత్తింది—

"అక్కా! నేనే!"

చిన్నోడు. కనుబొమ చీలి ముఖమంతా రక్తం. చొక్కా పట్టుకుని లేపింది.

"మరి మీటరు?"

"వైరు పీకేసి నడిపాను. పొద్దున్నే మళ్లీ తగిలించేవాణ్ణి."

"ఎంతసేపురా?"

"మూడు రాత్రులూ... గంటలకొద్దీ."

ఇరవై ఎప్పుడో దాటిపోయింది. మీటరు కదల్లేదని రెండు రోజులుగా గుండె మీద చెయ్యేసుకుని ఉంది!

"పొద్దున పందెం లేదు. ఇంజను విప్పాలి."

"ఈ ఒక్కటీ పోనివ్వవే! ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది!"

వాడు ఒక్క తోపు తోశాడు. ఆవిడ పెదవి బల్ల అంచుకి తగిలి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా. వాడు మళ్లీ సీట్లోకి దూరుతున్నాడు. ఆవిడ లేచి పానా ఎత్తింది... ఈసారి వాడి మీద కాదు. తన చేత్తో బిగించిన ఇంజను మీద. గొట్టాలు తెగేదాకా, మూతలు పగిలేదాకా, చేతులు బొబ్బలెక్కేదాకా మోదింది.

చిన్నోడు నేల మీద కూలబడి ఏడ్చాడు.

ఆవిడ బండిని జాకీ మీద లేపి, కింద దూరి, ఆయిల్ చాంబరు విప్పింది. మరిగిన నల్లటి ఆయిలు మోచేతులు కాలుస్తూ కారింది. రాడ్డు బోల్టు పట్టుకుంటే... సగానికి విరిగి వేళ్లలోకి వచ్చేసింది.

దాన్ని వాడి అరచేతిలో పెట్టింది. వాడి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఎందుకురా ఇంత పని చేశావు?"

"వాణ్ణి దాటాలని. ఇంకొంచెంలో దాటేసేవాణ్ణి."

"ఎవర్ని?"

"రోజూ కిటికీ కొట్టి పిలిచేవాణ్ణి. దీపాల్లేని బండి వాడిది. పక్కకొచ్చి, రా రమ్మని చెయ్యూపుతాడు."

"చిన్నోడా..." అంది అక్క. "మిగతా బళ్లు పొద్దునగానీ రావు. ఇక్కడ ఉన్నది మనదొక్కటేరా."

బయట... గుర్రుమంది.

అక్క ఒక్క ఉదుటున రేకుతలుపు దించేసింది. మోత వచ్చి తలుపు ముందే నిలబడింది. రేకు వేడెక్కి టపటపమంది. కాలిన వాసన.

చిన్నోడు లేచాడు. కళ్లు వాడివి కావు. తలుపు వైపు నడుస్తుంటే అక్క జుట్టు పట్టి ఈడ్చి కింద పడేసి, మీద కూర్చుని నోరు మూసింది. వాడు చెయ్యి కొరికాడు. వదల్లేదు.

కాసేపటికి తలుపుకేసి చూసి, మెల్లగా అంది...

"వీడు రాడు నాయనా. నీ ఇంజను విప్పి చూసేవాళ్లు ఎవరూ లేకపోయారు. వీడిది నేను విప్పేశాను. ఇంక వెళ్లు."

మోత ఆగింది. దూరంగా పోలేదు... అక్కడే, తలుపుని ఆనుకునే ఆగింది.

రేకు అవతల ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది.