తోడుపెళ్లికూతురు

సీడీలొచ్చి వీడియో క్యాసెట్లు మూలపడుతున్న రోజులవి. రాజోలు దగ్గర ఓ ఊళ్లో చలపతి కేబుల్ నడిపేవాడు. లోకల్ ఛానల్లో సినిమాలతోపాటు ఊళ్లోవాళ్ల పెళ్లి క్యాసెట్లూ వేసేవాడు. మన పెళ్లి మన టీవీలో రావడమంటే ఎంత ముచ్చట!

అచ్చాయమ్మగారి కూతురు హైమ పెళ్లయిన నెలకే తుపానులో పోయింది. ఆ తల్లికి మిగిలింది పెళ్లి క్యాసెట్టొక్కటే. దాన్ని చలపతి దగ్గరే ఉంచి, ఏటా పెళ్లిరోజున వేయించుకుని కళ్లారా చూసుకునేది. అలాంటిదాని మీద, ఖాళీ క్యాసెట్ దొరకలేదని, ఆ మహానుభావుడు కొత్త సినిమా ఎక్కించేశాడు!

ఈసారి పెళ్లిరోజున పొద్దున్నుంచీ ముసురు. ఊరంతటికీ కరెంటు లేదు. "బతికిపోయాన్రా దేవుడా" అనుకున్నాడు చలపతి.

మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది.

"చల్లగా ఉండు నాయనా! వస్తోంది," అంది అచ్చాయమ్మ.

చలపతి రిసీవరు చెవికి అదుముకున్నాడు. "ఏం వస్తోందండీ? కరెంటే లేదు కదండీ?"

"హైమ పెళ్లయ్యా! ఆ రోజు తోడుపెళ్లికూతురుగా పక్కన కూర్చోవాల్సిన పిల్లకి జ్వరమొచ్చి, నా తల్లి పీటల మీద ఒక్కతే అయిపోయింది. చూసినప్పుడల్లా అదే దిగులు నాకు. ఇప్పుడెవరో చిన్నపిల్ల కూర్చుంది. ఆకుపచ్చ గౌను..." ఆవిడ గొంతు తగ్గింది. "అచ్చం మీ సుప్రియే నాయనా."

హైమ పెళ్లినాటికి సుప్రియ ఇంకా పుట్టనేలేదు. పొద్దున కూతురికి ఆకుపచ్చ గౌను తొడిగింది మాత్రం తనే.

వానలో పడి ఇంటికి పరిగెత్తాడు. వీధిలోకే సన్నాయి వినిపిస్తోంది... గడపలో తడి పసుపు వాసన...

చీకటి గదిలో టీవీ వెలుగుతోంది. దాని ముందు చాప ఖాళీగా ఉంది. చాప నిండా తలంబ్రాలు.

"ఏమండీ..." భార్య చాపకేసి చూపించింది. "పిల్ల ఇక్కడే కూర్చుని చూస్తోందండీ... ఇప్పుడే..."

తెర మీద హైమ సుప్రియ చెయ్యి పట్టుకుని లేచింది. ఆ క్యాసెట్ చలపతికి కంఠతా వచ్చు. ఇక అప్పగింతలు, హైమ కారెక్కడం, అంతే. ఆ తర్వాత ఏమీ లేదు, తెర నిండా ఉత్త చుక్కలే.

"నాన్నా..." తెరలోంచి సుప్రియ.

చలపతి టీవీ ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆపితే పిల్ల?

బయట కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అది తెరలోంచి వచ్చిందో, వీధిలోంచి వచ్చిందో అతనికి తెలియలేదు.