చెవులాయన కూతురు

“ఏంటా గొణుగుడు? చెప్పేదేదో నోరు తెరిచి చెప్పొచ్చుగా!”

పొద్దున్నే భర్త నోటి నుంచి ఈ మాట వినేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. తను చెప్పింది పెద్ద విషయమేమీ కాదు. గీజరు ఆపేయమంది, అంతే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి ఆవిడ. ఇంజన్ల రొద, హారన్లు, చంటిపిల్లల ఏడుపులు దాటుకుని ఆవిడ గొంతు చివరి బెంచీ మీద కునికిపాట్లు పడేవాణ్ణి కూడా లేపి బస్సెక్కించేది. అలాంటి గొంతుకి కట్టుకున్నవాడు పెట్టిన పేరు గొణుగుడు.

“గీజరు ఆపేయండీ అన్నాను,” అంది, ఈసారి బస్టాండు గొంతుతో.

“దానికి అంత అరుపెందుకు? నేనేమన్నా చెవిటివాణ్ణా?” అని విసుక్కుంటూ ఆయన రికార్డుల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ మాట అనే హక్కు ఆయనకి ఉందనే చెప్పాలి. పాత ఎల్పీ రికార్డులంటే చెవి కోసుకునేవాళ్ళందరూ ఆయన్ని ‘చెవులాయన’ అనే పిలుస్తారు. ఆయన గది నిండా యాభై ఏళ్ళ నాటి ఫంక్, సోల్ పాటలే. డ్రమ్ములూ బేస్ గిటారూ కలిసి కూర్చున్నవాణ్ణి కూర్చోనివ్వని పాటలు, కడుపులోంచి గొంతెత్తి పాడే పాటలు. అయితే విశేషం పాటల్లో లేదు. ఒక్కో రికార్డుకీ ఎనిమిదేసి కాపీలుంటాయి ఆ గదిలో.

పెళ్ళైన కొత్తలో ఆవిడ అమాయకంగా అడిగింది, “అదే పాట, అదే బొమ్మ. ఇన్నెందుకండీ?” అని.

“ఒక్క తల్లి కడుపున పుట్టిన పిల్లలందరూ ఒక్కలాగే మాట్లాడతారా?” అన్నాడాయన. అని ఊరుకోకుండా పక్కన కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఒక రికార్డుని ఎన్నో ఫ్యాక్టరీల్లో, ఎన్నో ఏళ్ళపాటు అచ్చు వేస్తూనే ఉంటారు. అచ్చు దిమ్మ అరిగేకొద్దీ పాట మసకబారుతుంది. ఒక ప్రెసింగులో, అంటే ఒక విడత అచ్చులో, గాయని ఎదురుగా నిలబడి పాడినట్టుంటే, ఇంకో ప్రెసింగులో మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టుంటుంది. దొరికిన కాపీలన్నీ తెచ్చి, కడిగి, ఆరబెట్టి, ఒకే పాటని ఒకదాని తరవాత ఒకటి వేసి విని, అన్నిట్లోకీ బాగా పలికేదాన్ని పట్టుకోవడమే ఆయన పని. చెవులాయన బాగుందన్నాడంటే ఇంక కొనేవాళ్ళు మారు మాట్లాడరు.

ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు కూడా ఆ గదిలోనే పెరిగింది. అక్షరాలు రాయడం కంటే ముందే రికార్డు మీద సూది దింపడం నేర్చుకుంది. చదువైపోగానే “నేనూ ఇదే చేస్తా నాన్నా” అంది. తండ్రి పొంగిపోయాడు. ఆ పొంగు ఎన్నాళ్ళో నిలవలేదు. ఆయన బాగుందన్నది ఆ పిల్లకి గరగరలాడినట్టుండేది. ఆ పిల్ల ఏరినదాన్ని ఆయన చప్పగా ఉందని పక్కన పడేసేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చివరికి కిందటేడు ఒకరోజు, “నీకు చెవి లేదమ్మా. ఇంకేదన్నా పని చూసుకో,” అనేశాడు. ఆ పిల్ల టైల్స్ కంపెనీలో బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరిపోయింది. మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు.

అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళ మధ్య ఆవిడ బతుకు అడకత్తెరలో పోకచెక్క. “మీ నాన్నని స్కూటర్ తాళాలు అడుగు” అని ఇది, “దాన్ని రాత్రికి తొందరగా రమ్మను” అని ఆయన. బస్టాండు ఉద్యోగం వదిలినా ఆవిడకి అనౌన్స్‌మెంట్లు తప్పలేదు.

ఆవేళ ఆదివారం. టిఫిన్లు అవుతుండగా పళ్ళ డాక్టరు వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా చెవులాయన మాట మీదే రికార్డులు కొనే మనిషి. కూర్చోలేదు. చేతిలో ఉన్న రికార్డు బల్ల మీద పెట్టి నసుగుతూ నిలబడ్డాడు.

“ఏమనుకోకండి. ఇది కూడా తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను.”

“మళ్ళీనా? ఇది మూడోది డాక్టరుగారూ! దీనికేమొచ్చింది?”

“ఏం చెప్పమంటారు? ఆ గాయని పాటలో ‘స’ అన్నప్పుడల్లా మా క్లినిక్కులో డ్రిల్లు తిరిగినట్టుంది. వారమంతా ఆ చప్పుడే, ఆదివారం కూడా అదేనా అని మా ఆవిడ లేచి వెళ్ళిపోయింది.”

చెవులాయన మొహం ఎర్రబడింది. “రోజంతా ఆ డ్రిల్లు పక్కన ఉంటే చెవులేం మిగులుతాయి లెండి,” అన్నాడు. అనకూడని మాట. డాక్టరు మంచివాడు కాబట్టి నవ్వేసి, వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన విసవిసా గదిలోకి పోయి ఆ రికార్డు వేశాడు. సౌండు పెంచాడు. వంటింట్లో ఉన్న ఆవిడకే పళ్ళు జివ్వుమన్నాయి. స్నానం చేసి తడి జుట్టుతో వచ్చిన కూతురు గది గుమ్మం దగ్గర ఆగిపోయి రెండు చెవులూ మూసుకుంది.

“నాన్నా, ఆపు! డాక్టరుగారు చెప్పింది నిజమే. గీసుకుపోతోంది.”

ఏడాది తరవాత కూతురు తనతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఆయన ఆ సంగతి గమనించే స్థితిలో లేడు.

“ఇంత కమ్మగా ఉంటే గీసుకుపోవడమేంటి? నీకు చెవి లేదని అప్పుడే చెప్పానుగా!”

పుండు మీద కారం చల్లినట్టయింది. పిల్ల గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. అది చూసిన తల్లికి మాత్రం ఇంకేదో తట్టింది.

ఈయన మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తలుపు బార్లా తీసి నిలబడటం, ఫ్రిజ్ కీచుమని మొత్తుకోవడం, ఈయన పట్టించుకోకుండా కూనిరాగం తీయడం ఆ ఇంట్లో రోజూ ఉండేదే. తలుపు మూయమని ఎన్నిసార్లు తిట్టిందో! నిర్లక్ష్యం అనుకుంది. తన మాటలాగే దాన్నీ పెడచెవిన పెడుతున్నాడనుకుంది. ఇప్పుడు పళ్ళ డాక్టరు మాట, తన పళ్ళు జివ్వుమనడం, కూతురు చెవులు మూసుకోవడం, వీటి మధ్య కమ్మగా ఉందని తల ఊపుతున్న ఈయన. అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కట్టాయి.

“ఏవండీ, ఒక్కసారి ఇలా రండి.”

“ఇప్పుడేంటి మధ్యలో?”

“రండి చెప్తాను.” చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చింది. పిల్ల కూడా వెనకే వచ్చింది. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, అలాగే పట్టుకుని నిలబడింది. ముగ్గురూ నిలబడ్డారు. కాసేపటికి ఫ్రిజ్ మొదలుపెట్టింది, సన్నగా, కీచుగా, ఆగి ఆగి.

ఆయన లోపలికి తొంగి చూసి, “ఏంటి, పాలు అయిపోయాయా?” అన్నాడు.

కూతురు చటుక్కున తల్లి వైపు చూసింది.

“మీకేమన్నా వినిపిస్తోందా?” అంది ఆవిడ.

“ఏం వినిపించాలి?”

“తలుపు తెరిచి ఉంచితే ఫ్రిజ్ అరుస్తుందండీ. ఇప్పుడు అరుస్తోంది.”

“ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారా?” అంటూ నవ్వబోయి కూతురి మొహం చూశాడు. దాని కళ్ళనిండా నీళ్ళు. అవును నాన్నా అన్నట్టు తల ఊపింది. ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. వంగి తలుపుకి ఒక చెవి ఆనించాడు. తరవాత రెండోది ఆనించాడు.

“ఎప్పట్నుంచి అరుస్తోంది ఇది?”

“దీన్ని కొన్న రోజు నుంచీ.”

ఆయన మెల్లగా తలుపు మూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు. అసలు విషయం ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎంతైనా జీవితమంతా వినికిడితోనే గడిపిన మనిషి.

“సన్నటి శబ్దాలు నాకు అందట్లేదన్నమాట,” అన్నాడు, తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు. “అందుకే చెవులు చిల్లులు పడే ప్రెసింగులు నాకు సరిగ్గా ఉన్నట్టున్నాయి. నిజంగా సరిగ్గా ఉన్నవి చప్పగా ఉన్నాయి. అంటే నువ్వు ఏరినవి...”

లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో పాట లేదు. కొత్త కాపురం నుంచీ ‘ఆ డప్పుల గోల ఆపరేం’ అని నెత్తీ నోరూ కొట్టుకున్న ఆవిడకి ఆ నిశ్శబ్దం కంచంలో ముద్ద కూడా మింగుడు పడనివ్వలేదు. ఆవిడకి తన బాధ తనకి వేరే ఉంది. గొణుగుతున్నావన్న ప్రతిసారీ ఉడుక్కుని, మాటలు తగ్గించుకుంటూ వచ్చింది. ఉప్పూ పప్పూ సంగతులు తప్ప మిగతావి చెప్పడం మానేసింది. కోపం తెచ్చుకునే బదులు ఒక్కసారి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

బతిమాలి, బెదిరించి, చివరికి చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. ఎడమ పక్క తిన్నగా నడిచిన గీత కుడివైపుకి వచ్చేసరికి మెట్లు దిగిపోయింది.

“బొంగురు శబ్దాలు కుర్రాళ్ళకి వినిపించినట్టే వినిపిస్తున్నాయి మీకు. కీచు శబ్దాలే పోయాయి. వయసుతో వచ్చేదే. మెషిన్ పెట్టుకుంటే మనుషుల మాట బాగా తెలుస్తుంది. మీ రికార్డుల పనికి మాత్రం దాన్ని నమ్ముకోకండి.”

దారిలో ఆయన ఒకటే గొడవ. “చెవులాయన చెవిలో మెషినా? నలుగురికీ తెలిస్తే నవ్విపోతారు.”

“నవ్వితే నవ్వనివ్వండి. ఆ నవ్వు మీకు వినపడితే చాలు నాకు,” అంది ఆవిడ.

ఆయన ఆగి భార్య మొహంలోకి చూశాడు. మెషిన్ పెట్టించుకున్నాడు. పెట్టించుకున్న పూటే ఫోను పట్టుకుని, ఈ మధ్య తన దగ్గర రికార్డులు తీసుకున్నవాళ్ళందరికీ వరసగా చెప్పాడు: నా చెవి తేడా చేసింది, మీకు నచ్చనివి తెచ్చి ఇచ్చేయండి, అని. ఒక్కో ఫోనుకీ ఆయన గొంతు తడబడటం ఆవిడ పక్కనే కూర్చుని విన్నది. చెయ్యి మాత్రం వదలలేదు.

అందరికీ చెప్పగలిగినవాడు కూతురి దగ్గరికి వచ్చేసరికి తచ్చాడాడు. “అమ్మాయిని ఒకసారి అడగకూడదూ, ఆ కాపీలు కాస్త విని పెడుతుందేమో,” అన్నాడు.

“నేను రిటైరయ్యాను. మీరే అడగండి.”

ఇంక తప్పక వెళ్ళి కూతురి గది తలుపు తట్టాడు. ఆవిడ వరండాలో బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టింది.

“అమ్మలూ, నీకు చెవి లేదన్నాను చూడు. అది నా తప్పు. లేనిది నాకు.”

పిల్ల తలుపు తీసింది. “నేను నమ్మేశాను నాన్నా. నువ్వు చెప్పావు కాబట్టి నిజమే అనుకున్నాను. ఏడాది నుంచి పాట వినడమే మానేశాను. ఏది విన్నా, ఇది నిజంగా బాగుందా, నాకే అలా అనిపిస్తోందా అని భయమేసేది.”

తను చేసింది ఎంత పనో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆవిడ వినడం అదే మొదటిసారి. మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

“ఉద్యోగం మాననమ్మా నేను,” అని ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు తల్లికి చెప్పబోయి, ఆగి, తండ్రి వైపు తిరిగింది. “ఉద్యోగం మానను నాన్నా. ఆదివారాలు వింటాను. కాదంటే చెప్పు.”

“కాదనడానికి నేనెవర్ని?” అన్నాడాయన. కంచంలో వేలితో ఏదో గీస్తూనే నవ్వాడు.

ఆదివారం వచ్చింది. పళ్ళ డాక్టరు కోరిన రికార్డు ఆరు కాపీలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. ఆయన మెషిన్ తీసి పక్కన పెట్టాడు. తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని ఒక్కొక్కటే వేస్తున్నారు. ఆవిడకి వంటింట్లో కాళ్ళు నిలవక, గిన్నె తోముతున్న చేతులతోనే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

“ఇది తీసెయ్. బేస్ గిటారు తేలిపోతోంది, నేల మీద నిలబడట్లేదు.”

“అవును నాన్నా, నాకు తట్టలేదు.”

అలా కొట్టేసుకుంటూ రాగా రెండు మిగిలాయి. కూతురు రెండూ వింది. మళ్ళీ వింది. కళ్ళు మూసుకుని ఒకదాని మీద చెయ్యి పెట్టింది. “ఇదే. గాయని పాడబోయే ముందు ఊపిరి తీసుకోవడం తెలుస్తోంది. రెండోదాంట్లో అది పోయింది.”

“ఏదీ, మళ్ళీ వెయ్యి.”

వేసింది. ఆయన ముందుకి వంగి, నుదురు ముడేసి విన్నాడు. రెండోది వేయించుకుని విన్నాడు. మళ్ళీ మొదటిది. గుమ్మంలో ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈయన ఇప్పుడు కాదంటే ఆ పిల్ల మళ్ళీ ఈ గదిలోకి రాదు. ఆయన కూతురి వైపు చూడకుండా ఫోను తీసి పళ్ళ డాక్టరుకి చేశాడు.

“డాక్టరుగారూ, మీ రికార్డు దొరికింది. ఆఁ, చాలా మంచి ప్రెసింగు... లేదండీ, నేను కాదు, మా అమ్మాయి విని తీసింది.” ఆయన గొంతు ఈసారి తడబడలేదు. “నేనూ మూడుసార్లు విన్నాను. నాకు రెండిటికీ తేడా ఏమీ తెలియలేదు, తేడా పట్టింది తనే. అందుకే ధైర్యంగా పంపిస్తున్నాను.”