ఏడో గవిలో రేకుపెట్టె

దొర మందుల సంచి అడుగున మడతలు పెట్టిన కాగితం ఒకటి ప్రసూన చేతికి తగిలింది. విప్పి చూస్తే లోయ, వాగు, కొండ అంచు, ఆ అంచు పొడవునా ఏడు గవులకు, అంటే కొండగుహలకు, ఏడు చుక్కలు. కింద ఎర్ర సిరాతో ఒకే ముక్క: పెట్టె, ఏడు.

“సార్! పెట్టె ఎక్కడుందో తెలిసింది!” అని కేక పెట్టింది ప్రసూన.

తాపియో కిర్వెస్ దొర కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని తలకిందులుగా ఒకసారి, తిన్నగా ఒకసారి చూశాడు. “రాత నాదే,” అన్నాడు తనకొచ్చిన తెలుగులో. “రాసింది ఎప్పుడు?”

పక్కనే నిలబడ్డ ప్రసూన తల్లి సీతారత్నానికి గుండె జారిపోయింది. తాను గీసిన దారి తనకే గుర్తులేని మనిషి వెనక ఆడపిల్లను అడవిలోకి పంపడమా? పైగా ఆత్మకూరు బజారులో ఏమేమో అనుకుంటున్నారు. తెల్లదొర కొండలో బంగారం దాచాడట. నిధి తీసేటప్పుడు కన్నెపిల్లను బలి ఇస్తారట. వినడానికి పిచ్చిమాటల్లాగే ఉన్నాయి, కానీ ఒకవేళ నిజమైతే?

“నేనూ వస్తా,” అంది. దూది, పసుపు, పాముకాటు మందు అని ఎవరో అమ్మిన సీసా, నాలుగు పూటలకు సరిపడా పెరుగన్నం మూటగట్టుకుంది.

నిజానికి ఆ పెట్టెలో బంగారం లేదు. తాపియోది ఫిన్లాండు అనే మంచు దేశం. పాడి రైతు కొడుకు. తొమ్మిదేళ్ళప్పుడు మంచు కింద కన్నాలు తవ్వే ఎలుకల్ని లెక్కపెట్టడంతో మొదలైంది ఆయన చదువు. పెద్దయ్యాక ఇరవై రెండేళ్ళు సముద్రంలోని చిన్నచిన్న దీవుల్లో సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టాడు. ఒక దీవిలో అవి పూర్తిగా నశిస్తే పక్క దీవి నుంచి ఎగిరొచ్చి మళ్ళీ నింపుతాయని, అందుకే ఖాళీ దీవిని కూడా కాపాడాలని ఆయన వాదన. కొందరు పండితులు మెచ్చారు, కొందరు నవ్వారు. గబ్బిలాల్లోనూ అలాగే జరుగుతుందేమో చూద్దామని నల్లమలకు వచ్చి, పదకొండేళ్ళపాటు ఏటేటా ఏడు గవులూ తిరిగాడు. గుడిసెలో పెడితే చెదలు తింటాయని పుస్తకాలన్నీ రేకుపెట్టెలో పెట్టి, ఆ ఏడాది గబ్బిలాలు లేని గవి ఏదో చూసి అందులో దాచేవాడు. ఆఖరి ఏడాది ఒక్కడే పోయి పెట్టె దాచి, కొండ దిగుతూ జారిపడ్డాడు. మోకాలు విరిగింది. పెట్టె సంగతి చెప్పేలోపే స్పృహ తప్పింది. మంచం మీద మోసుకుపోయారు.

ఇప్పుడాయనకు డెబ్భై ఒకటి. మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఇంకో ఆరు నెలలకు తన పేరైనా గుర్తుంటుందో లేదో అన్నారు డాక్టర్లు. ఈలోగా ఆ లెక్కలు దొరికితే ఆఖరి పుస్తకం పూర్తి చేయాలి. ఆయన దగ్గర చదువుకుంటున్న ప్రసూనకు పట్టుదల అంతా అదే.

తెల్లవారగానే నలుగురూ బయలుదేరారు. ముందు చెంచు ఈదన్న. పూర్వం దొరకు దీపం పట్టుకుని గవులన్నీ తిరిగినవాడు. అతని భుజాన నార తాళ్ళ నిచ్చెన. వెనక ప్రసూన, కర్ర ఊతంతో దొర, ఆఖరున సీతారత్నం. రాయి కదిలితే పామనుకుంది. ఆకు కదిలితే పులి అనుకుంది. రెండూ కదలకపోతే ఇంకా భయపడింది.

వాగు దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే ఏడో గవి ఎదురైంది. ప్రసూన దీపం వేసి లోపలికి వంగింది. కుళ్ళిన వాసన గుప్పున కొట్టింది. చీకట్లో ఏదో బుసకొట్టింది.

“ఎలుగు! ఎలుగు పాపా! ఎనక్కి రా!” ఈదన్న గొడ్డలి కామతో రాతి మీద ధనధనా బాదాడు.

నల్లటి ముద్ద ఒకటి గవిలోంచి దూసుకొచ్చింది. సీతారత్నం అన్నం మూటను దాని మొహాన విసిరి, కూతురి జడ పట్టుకుని వాలు మీదుగా ఈడ్చుకుపోయింది. దొర ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు. చాటున కూలబడి తిరిగి చూస్తే ఎలుగు తీరిగ్గా కూర్చుని పెరుగన్నం తింటోంది.

“మాగాయ కూడా తింటాంది చూడక్కా,” అన్నాడు ఈదన్న.

“నా బిడ్డను తినలేదు, అది చాలు. పద, ఇంటికి పోదాం,” అంది సీతారత్నం.

ప్రసూన వినలేదు. కాగితం మళ్ళీ విప్పింది. “ఏడు అని రాశారు. ఏడో గవి ఇదే. మరి పెట్టె ఏది సార్?”

దొర నుదురు రుద్దుకున్నాడు. ఏదో పెదవుల దాకా వచ్చి వెనక్కి పోతున్నట్టుంది. ఆఖరికి, “అంకె చోటుకు కాదు,” అన్నాడు. “మందకు! ఎక్కువ గబ్బిలాలున్న గవికి ఒకటి. ఏమీ లేని గవికి ఏడు. ఏటేటా అంకెలు మారతాయి.”

“అయ్యో రామా, ఇళ్ళ నంబర్లు ఏడాదికోసారి మారిస్తే ఉత్తరాలు ఎట్లా చేరతాయయ్యా?” అంది సీతారత్నం. ఆమెకు తల తిరిగిపోయింది. అందరికీ తిరిగింది. ఆ ఏడాది ఖాళీగా ఉన్నది ఏ గవో దొరకు ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. అంకెల లెక్కలు తనకు రావని ఈదన్న దూరంగా నడిచాడు, అతన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. ఇది అంటాడు, కాదంటాడు. ఎక్కిన గట్టే మళ్ళీ ఎక్కారు, దిగిన వాగే మళ్ళీ దిగారు. ఎండ నడినెత్తికి వచ్చింది.

కొండ నెత్తి మీద, నున్నటి ఎర్రరాయి దగ్గర దొర ఉన్నట్టుండి ఆగిపోయాడు. మోకాలు పట్టుకున్నాడు.

“ఇక్కడే! ఇక్కడే నా కాలు విరిగింది!”

ఆ రాతి కింద కొండ గోడలా తెగి ఉంది. అరవై అడుగుల దిగువన గవి నోరు. దానికి అటూ ఇటూ చాటలంత తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. దొర అప్పట్లో దిగిన పక్కమెట్టు ఎప్పుడో విరిగి లోయలో పడిపోయింది.

ఈదన్న నిచ్చెనను మద్దిచెట్టుకు కట్టాడు. కట్టి, ఒక పక్కకు కూర్చున్నాడు. “నేను దిగను. మా బామ్మర్ది గురవయ్య శ్రీశైలం పోయినాడు. వాడు లేకుండా తేనెకైనా దిగను.”

“నేను దిగుతా, నడుముకు కట్టిన తాడు నువ్వు పట్టుకో అన్నా,” అంది ప్రసూన.

“నేను పట్టకూడదు పాపా. నువ్వు నాకేమవుతావు? నువ్వు పడితే నేను రెండ్రోజులు బాధపడతా, మూడోరోజు అన్నం తింటా. తాడు పట్టేటోడు బతికినన్నాళ్ళూ ఏడ్చేటోడై ఉండల్ల. అందుకే మాకు పెళ్ళాం అన్నదమ్ములు పడతారు. జారిస్తే వాడి తోబుట్టువే గదా ముండమోసేది.”

అంతా సీతారత్నం వైపు చూశారు.

“నేనా? బావిలో చేద జారినా నాకు చేతులాడవే!” అంది. కూతురు బతిమాలింది. ఈదన్న మాత్రం తొణకలేదు. “భయం ఉండేటోళ్ళే పట్టల్లక్కా. భయం లేనోడు ఈగ వాలినా వదిలేస్తాడు.” తాడును చెట్టుకు రెండు చుట్లు తిప్పి, కొస ఆమె చేతికిచ్చాడు.

ప్రసూన ఒక వాకీటాకీ దొర చేతిలో పెట్టి, రెండోది తాను తీసుకుని దిగింది. మెట్టు మెట్టుకూ సీతారత్నం ఒక దేవుడికి మొక్కింది. దేవుళ్ళు అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి మొక్కింది. తాడు వదులైంది. కాళ్ళు రాతికి తగిలాయన్నమాట.

దొర చేతిలోని వాకీటాకీ గరగరలాడింది. “సార్, ఈ గవి ఖాళీగా లేదు! కప్పు కనబడడం లేదు, అంతా గబ్బిలాలే. తల్లులు. ఒక్కోదాని రొమ్ముకు ఒక్కో పిల్ల. పెట్టె లోపల అరుగు మీద ఉంది. పన్నెండు అడుగుల దూరం.”

ఖాళీ గవి మళ్ళీ నిండిందని దొర ముఖం వెలిగి, అంతలోనే ఆరింది. “నువ్వు నడిస్తే?”

“ఒక్క అడుగు వేశాను. గుంపు కదిలింది. రెండు పిల్లలు కిందపడ్డాయి సార్.”

“వెనక్కి రా.”

“పన్నెండే అడుగులు!”

“తల్లులన్నీ లేస్తాయి. పిల్లలన్నీ రాలతాయి. వెనక్కి రా అమ్మాయీ.”

“చలికాలంలో వచ్చి తెస్తాను సార్, పిల్లలు ఎగిరిపోయాక.”

“తే,” అన్నాడు దొర. “అప్పటికి అవి ఎవరి పుస్తకాలని నేనే నిన్ను అడుగుతానేమో.”

సీతారత్నానికి ఏమీ అర్థం కాలేదు. బతుకంతా వెతికిన దాన్ని పన్నెండు అడుగుల దూరంలో వదిలేసే మనిషా? కానీ ఆలోచించే వ్యవధి దొరకలేదు. ఆకాశం నుంచి గద్ద ఒకటి వాలి, తేనెపట్టును కాళ్ళతో తన్నుకుపోయింది. కొండంతా హోరెత్తింది.

“ఈగలు! పండుకోండి! దొరా, పండుకో!” ఈదన్న దొరను రాతి చాటుకు తోసి, పచ్చి ఆకులకు నిప్పంటించాడు. “అక్కా! తాడు వదలద్దు!”

ప్రసూన నిచ్చెన మధ్యలో ఉంది. సీతారత్నం చెంప మీద, మెడ మీద, కనురెప్ప మీద నిప్పురవ్వలు రాలినట్టు పొడుస్తున్నాయి. ఆమె చేతితో తోలుకోలేదు, చేతులు ఖాళీ లేవు. తాడు లాగింది, చుట్టు బిగించింది, మళ్ళీ లాగింది. “ఎక్కవే! ఎక్కు! కిందికి చూశావంటే చంపేస్తా!” అని అరిచింది. పొగలోంచి ప్రసూన తల పైకి లేచింది. కూతురు గడ్డ మీద పొర్లిన తర్వాత కూడా తల్లి పిడికిలి విప్పడానికి ఈదన్న ఒక్కో వేలూ తీయాల్సి వచ్చింది.

పొగ చాటునే పారిపోయి వాగు ఒడ్డున పడ్డారు. ఈదన్న సీతారత్నం ముఖంలోంచి ఈగల ముళ్ళు ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కాస్త దూరంలో దొర తెల్ల కాగితాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాత లెక్కలు గుర్తు తెచ్చుకుని రాద్దామని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. “మొదటి ఏడు…” అన్నాడు. ఆగాడు. “మొదటి ఏడు…” ప్రసూన తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

“మొదటి యేడా?” అన్నాడు ఈదన్న, ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండానే. “మా పెద్దది పుట్టిన యేడు గదా దొరా. వాగు మీది గవి నిండుగా ఉండె. ఎలుగుల గవీ, మోదుగుల గవీ ఖాళీ.”

దొర చటుక్కున తలెత్తాడు. “ఎన్ని? వాగు గవిలో ఎన్ని?”

“ఎన్నని నాకేం తెల్సు సామీ. ఉండెనా లేకుండెనా, అంతే తెల్సు. పదకొండేళ్ళూ తెల్సు.”

“ఉన్నాయా, లేవా…” దొర ఒళ్ళోని పుస్తకాన్ని అరచేత్తో చరిచాడు. “దీవుల్లో ఇరవై రెండేళ్ళు నేను రాసుకున్నది అదే. ప్రసూనా! అది చాలు! అదే కావాలి!”

ప్రసూన పెన్సిలు లాక్కోబోయింది. చేతులు గీరుకుపోయి వేళ్ళు మడవడానికి రాలేదు.

“ఇట్లా తే,” అంది సీతారత్నం. ఒంటికన్నుతో పేజీకి అడ్డంగా గీత కొట్టి, ఏడు గవులకు ఏడు గళ్ళు గీసింది. “నేను చదివింది ఏడో తరగతే. నన్ను తికమక పెట్టకుండా వరసగా చెప్పు ఈదన్నా. ఊఁ, రెండో యేడు?”

“రెండో యేడు మా మామ సచ్చిపోయినాడు. వాగు గవి నిండుగానే ఉండె…”