గడియారాల బల్ల మీద కంప్యూటర్

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక కోడలు వంటింటి గట్టు మీద ఒక అట్టపెట్టె మడుస్తోంది. అదే ఆమె ఉద్యోగం. అట్టపెట్టెల కంపెనీలో డిజైనరు. బల్బులకీ చెప్పులకీ గాజు గ్లాసులకీ పెట్టె ఎలా కోయాలో, మడత ఎక్కడ పడాలో కంప్యూటర్‌లో గీస్తుంది. గీసి ఊరుకునే రకం కాదు. నమూనా కోయించి, తన చేత్తో మడిచి, సరుకు లోపల పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లొడలొడమని చప్పుడొచ్చిందా, మళ్ళీ మొదటికే. ఆమె ఊపి తలాడిస్తే తప్ప కొత్త పెట్టె ఏదీ కంపెనీ గేటు దాటదు.

"ఏమోయ్, ఆ పెట్టె పక్కన పెట్టి ఇలా రా. నీకో శుభవార్త," అని హాల్లోంచి భర్త కేకేశాడు. ఆయన కారు డ్రైవింగు నేర్పే మాస్టారు. వారమంతా రోడ్డు మీద అరిచి అరిచి, ఇంట్లో కూడా గొంతు తగ్గించడం మర్చిపోయిన మనిషి. మనసు మాత్రం వెన్న.

ఆమె చేతులు దులుపుకుంటూ వచ్చింది. హాల్లో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని ముందు భర్త. కొంచెం ఎడంగా కుర్చీలో మామగారు. కాళ్ళ మీద దుప్పటి, పక్కన చేతికర్ర. ఇంట్లోనే గడియారాలు బాగుచేస్తూ బతికిన మనిషి. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యాక ఆ కుర్చీకే అతుక్కుపోయాడు.

స్క్రీన్ చూడగానే కోడలి గుండె గుభేలుమంది. 'ప్రొఫెషనల్ ఎడిషన్‌కి అప్‌గ్రేడ్ చేసుకోండి' అని ఉంది. కింద నీలం రంగు బటన్.

మరి గుభేలుమనదూ! సంగతేమిటంటే, మామగారు పడ్డారని తెలిసి కంపెనీ మేనేజరు జాలిపడ్డాడు. "కావాలంటే ఇంటి నుంచే గీసి పంపించమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె నోరు జారి ఇంట్లో అనేసింది. భర్త ఎగిరి గంతేశాడు. అప్పుడు ఆమె నోటికి దొరికిన అడ్డుపుల్ల ఇదే. "కుదరదండీ. మన కంప్యూటర్‌ని ఆఫీసు సిస్టంలో చేర్చాలంటే ప్రొఫెషనల్ ఎడిషన్ ఉండాలట. మనది మామూలు హోమ్ ఎడిషన్." అబద్ధం కాదు, నిజమే. కానీ అసలు కారణం అది కాదు. అమ్మయ్య, గండం గడిచిందనుకుంది. ఆయన పట్టు వదిలే మనిషి కాదన్న సంగతి మర్చిపోయింది.

"కంప్యూటర్ షాపాయన్ని కలిశాను," అన్నాడు భర్త మెరిసిపోతూ. "ఇదేం బ్రహ్మవిద్య కాదట. బటన్ నొక్కి డబ్బు కట్టడం, ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యడం, అంతే. రేపటి నుంచి నీకు బస్సు తోపులాట లేదు!"

బల్ల మీది ఫోన్లోంచి ఆడపడుచు గొంతు ఖంగుమంది. "వదినా, నేనూ ఉన్నాను లైన్లో! హాయిగా ఇంట్లోనే పని. నాన్నకీ తోడు. ఎంత అదృష్టమో చూడు!"

"ఫైళ్ళు పోతాయేమో," అంది కోడలు.

"ఒక్కటి కూడా కదలదట. అడిగాను."

"మెషీను పాతదండీ. తట్టుకుంటుందో లేదో. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు..."

"ఎడిషన్ మారినంత మాత్రాన బరువు పెరగదట. అదీ అడిగాను. నన్నేమనుకున్నావ్?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. షాపాయన్ని ఇన్ని అడిగాడే, పెళ్ళాన్ని ఒక్క ముక్క అడగొచ్చు కదా! బస్సులో కిటికీ పక్క సీటు, కోత గదిలో ఆడవాళ్ళ పకపకలు, "అమ్మా, ఈ మడత చూడండి" అని అటు నుంచీ ఇటు నుంచీ పిలుపులు. అక్కడ ఆమె ఒక మనిషి. ఇంట్లో కూర్చుంటే గీయడం ఒక్కటే మిగులుతుంది. కుక్కరు కూతకీ కాలింగు బెల్లుకీ మధ్య గీయాలి. ఊపి చూసేది వేరే ఎవరో అవుతారు. ఆ బటన్ నొక్కితే అవన్నీ ఇవాళ్టితో సరి. కానీ ఆ మాట పైకంటే? మామగారు ఎదురుగా కూర్చుని ఉన్నారాయె.

దిక్కుతోచక ఆయన్నే అడ్డం పెట్టుకుంది. "ఇంట్లో ఏ వస్తువు మార్చినా మామయ్యతో ఓ మాట అనడం అలవాటు కదండీ. చెప్పారా?"

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏరా, దానికేం తేడా చేసింది?"

"తేడా ఏం లేదు నాన్నా. బాగానే నడుస్తోంది."

"మరి విప్పడం ఎందుకు?"

"విప్పడం కాదు, దీన్ని అప్‌గ్రేడంటారు."

"ఏదో ఒకటి అను. గడియారం తెచ్చినవాణ్ణి 'ఏం ఇబ్బందయ్యా' అని అడక్కుండా నేను ఏనాడూ వెనక మూత తియ్యలేదు. ఒకడు ఆగిపోయిందంటాడు. ఒకడు ఆగినా పర్లేదు, పట్టీ మార్చమంటాడు. అడక్కపోతే నాకెలా తెలుస్తుంది?" ఆయన కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, వాడేది నువ్వు. నువ్వు చెప్పు. ఇబ్బందేంటి?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఏ ఇబ్బందీ లేదు మామయ్యా," అంది. అనేశాక ఇక ఆగలేదు. "దాని పాటికి అది బాగుంది, నా పాటికి నేను బాగున్నాను. నాకు ఆఫీసుకి వెళ్ళాలనుంది. ఇంట్లో కూర్చుని చెయ్యాలని లేదు. అంతే!"

భర్త మౌస్ వదిలేసి ఆమె వైపు తిరిగాడు.

భర్త ముఖం మాడిపోయింది. "మరి ఎడిషన్ కుదరదని ఎందుకన్నావ్? పిచ్చివాడిలా ఆ షాపు చుట్టూ తిరిగానే!"

"వద్దంటే ఏమనుకుంటారు? మామయ్యని చూసుకోవడం ఇష్టం లేక అంటోందనరూ?" కళ్ళు తుడుచుకుంది. "అందరూ అదృష్టం అదృష్టం అంటుంటే నోరెలా వస్తుంది?"

"అంత మాట నేనంటానా?"

"మీరు అనరు. నేనే అనుకున్నాను."

ఆడపడుచు మెల్లగా గొంతు విప్పింది. "సరే వదినా, నీ బాధ అర్థమైంది. మరి నాన్న పొద్దస్తమానం ఒక్కరే ఎలా? పొద్దు గడవట్లేదని నాతో కూడా అన్నారు."

"అన్నాను," అన్నాడు పెద్దాయన. "పొద్దు గడవట్లేదన్నాను. కాపలా పెట్టమన్నానా? మీలో మీరే మందు రాసేసుకున్నారు. రోగిని అడిగినవాడు లేడు."

మామగారు విసుక్కోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు. అప్పుడు వెలిగింది ఆమెకి. తననెవరూ అడగలేదని ఇందాకటి నుంచీ కుతకుత ఉడికిపోతోంది కదా, మరి తాను ఈయన్ని అడిగిందా? వేళకి మందులిచ్చింది, దుప్పటి కప్పింది, టీవీ పెట్టింది. అడగడం మాత్రం అడగలేదు.

ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "మీకేం కావాలి మామయ్యా?"

ఆయన చూపు కంప్యూటర్ మీద నుంచి దాని కిందికి జారి, అక్కడే ఆగిపోయింది.

"ఆ బల్ల," అన్నాడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అది ఆయన గడియారాల బల్ల. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చే రోజు తానే ఖాళీ చేసింది. పెద్దాయనకి ఇక వంగి కూర్చునే ఓపిక ఎక్కడిదని తానే తీర్మానించి, పనిముట్లన్నీ ఓ పెట్టెలో వేసి అటక మీదికి ఎక్కించి, కిటికీ వెలుతురు బాగుందని కంప్యూటర్ తెచ్చి పెట్టింది. ఆయన ఇంటికొచ్చి ఆ బల్ల వంక చూశాడు, ఏమీ అనలేదు. అర్ధాంగీకారమనుకున్నారందరూ.

"డాక్టరు కూర్చుని చేసే పని చేసుకోవచ్చన్నాడు," అన్నాడాయన ఇప్పుడు. "చేతులు విరగలేదు కదమ్మా."

భర్త స్టూలెక్కాడు. అటక మీద నుంచి దించిన పెట్టె కోడలి చేతికిచ్చాడు. అలవాటు కొద్దీ ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

లొడలొడలొడ. సన్న ముక్కుల శ్రావణాలూ స్క్రూడ్రైవర్లూ భూతద్దమూ చిన్న చిన్న చక్రాలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. చెప్పుల జతకి కూడా ఇలాంటి పెట్టె ఒప్పుకోని మనిషి, మామగారి జీవితమంతా అందులో కుమ్మరించి మూత పెట్టింది. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో అమ్మాయ్, ఏదీ విరగలేదులే," అన్నాడు పెద్దాయన కంగారుగా. "ముందు ఆ భూతద్దం ఇలా ఇవ్వు."

స్క్రీన్ మీద నీలం బటన్ ఇంకా ఉంది. భర్త దాన్ని మూసేసి కంప్యూటర్ ఆపాడు. దాన్ని ఎత్తుకెళ్ళి పడకగదిలో అల్మరా పక్కన పెట్టాడు. "రోజూ మధ్యాహ్నం నేనొచ్చి చూసి వెళ్తా," అన్నాడు వైర్లు చుడుతూ. "రేపటి నుంచి నా శిష్యులంతా రివర్సు మన వీధిలోనే నేర్చుకుంటారు."

"వీధివాళ్ళు తంతారన్నయ్యా!" అని ఫోన్లోంచి చెల్లెలు నవ్వింది.

కోడలు వంటింటి గట్టు దగ్గరికి వెళ్ళింది. సగం మడిచిన పెట్టె విప్పేసి, ఆ అట్ట పట్టుకుని, పెన్సిలు చెవి వెనక దోపుకుని తిరిగొచ్చింది. "మామయ్యా, వీటిలో ఏది ఏ చేతి వైపు ఉండాలి?" అని అడిగి, ఆయన చెప్పినట్టల్లా గీసింది. శ్రావణాలకో అర, చక్రాలకో అర, భూతద్దానికి లోతైన అర. కోసి, మడిచి, పనిముట్లు అందులో సర్ది ఇచ్చాక ఆయన అందుకుని, ఆమె చేసినట్టే చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపి, తలాడించాడు.

సోమవారం పొద్దున ఆమె బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కునేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఎదురింటావిడ గడియారం తిప్పి చూస్తున్నాడు. "దీనికేం ఇబ్బందమ్మా?" అని అడుగుతున్నాడు. ఎదురింటావిడ ఎక్కడి నుంచో మొదలెట్టి చెప్పుకొస్తోంది.

"వెళ్ళొస్తాను మామయ్యా. తలుపు వేసి వెళ్ళనా?" అని అడిగింది కోడలు.

"తీసే ఉంచమ్మా," అన్నాడాయన, తలెత్తకుండానే. "ఇంకెవరైనా వస్తారు."